సకాగవియా చూచిన సముద్రము

అమెరికా పడమటి తీరమున, కొలంబియా నది పసిఫిక్ మహాసముద్రమున గలియుచోట, లూయిస్, క్లార్కు అను దళపతుల పేర నొక చారిత్రకోద్యానము కలదు. ఉద్యానమనగా పూలతోట యని సోదరీమణులు తలంపవలదు. 1804లో బయలుదేఱి, ఖండమును దాటి, 1805 నవంబరున కడలి చేరిన యా యన్వేషకుల విడిదులను, కాలిబాటలను, ఉప్పు వండిన తావును నదికి నిరుదెసల విడివిడిగా గాపాడుచున్నారు. పోర్ట్‌లాండున కాపురమున్న మా యాడుబిడ్డ యింటికి బోయినపుడు మేమును వానిని జూచి వచ్చితిమి.

క్లాట్సాపు కోట పేరునకే కోట. కొండవీడు చూచిన కన్నులకు పశువులకొట్టమువలె దోచును. 50 అడుగుల చదరమున రెండు వరుసల కొయ్యగదులు, అంతే. ఇప్పుడున్నది మొదటిదియు గాదు. 1955లో గట్టిన నమూనా 2005లో గాలిపోగా మరల గట్టిరి. ముప్పదిమందికి పైబడిన జనము 1806 మార్చి వఱకు నిందు తలదాచుకొనిరి. 106 దినములలో వాన లేనివి 12 మాత్రమేనట! తడికట్టెలతో పొయ్యి రాజేయు యాతన మన మెఱుగనిదా? ఉప్పునకై కొందఱు తీరమున నేడు సీసైడను పట్టణమున్నచోట 5 పెద్ద పాత్రలలో రేయింబవళ్ళు సముద్రజలమును గాచిరి.

ఆ గుంపున స్త్రీ యొకతెయే: షోషోనీ జాతి యువతి సకాగవియా. రెండు నెలలైన నిండని బిడ్డతో పయనమైనది. దళపతులు నీటికుక్క తోళ్ళ వస్త్రమొకటి కోరగా, దానికి మాఱుగా ఆమె నడుమునున్న నీలిపూసల పట్టెడ నిప్పించిరి. పయనాంతమున జీతమును, భూమియు మగనికి దక్కెను. ఆమెకు కాసైన లేదు.

1806 జనవరిలో దక్షిణమున నొక తిమింగిలము ఒడ్డున బడెనని వార్త వచ్చినది. క్లార్కు కొందఱితో బయలుదేఱుచుండ, ఆమె యడ్డుపడినది. మహాజలమును జూడ నింతదూరము నడచివచ్చి, ఇపుడా వింతమత్స్యమునుగూడ జూడనీయకుండుట న్యాయమా యని మొఱపెట్టినది. వలె ననిరి. సముద్రము కూతవేటున నుండగా దానిని జూచుటకు వేడుకొనవలసివచ్చె నన్నమాట! ఉప్పు, తుపాకిమందు, పడవలు అన్నియు వివరముగ జెప్పిన మార్గదర్శకుడు దీనిని రెండు మాటలతో దాటవేయుట మాకు నచ్చలేదు.

వారు దాటిన టిల్లమూకు కొండమీద నేడు ఒరెగాన్ రాష్ట్రమువారి యెకోలా ఉద్యానమున్నది. ఎకోలా యనగా నచటి వారి భాషలో తిమింగిలమే. మేమెక్కిననాడు బాట యెల్ల బురద. కుచ్చెళ్ళెత్తి దోపుకొని వేళ్ళు పట్టుకొని నడచితిమి. పైనుండి చూడ క్రింద నల్లని బండలు, తెల్లని నురుగు.

వారు పోవుసరికి టిల్లమూకు ప్రజలు మాంసమంతయు గోసికొనిపోగా నెముకలే మిగిలెను. క్లార్కు వాని పొడవు 105 అడుగులని వ్రాసికొనెను. కొన్న క్రొవ్వు 300 పౌనులని వ్రాసికొనెను. ఆమె కడలిని జూచి యేమన్నదో వ్రాయలేదు.