చలికొండ మీద గోంగూర

మా ఇంటివారు 2021లో ఉద్యోగం చాలించుకొని, ఉదకమండలం దగ్గర అర ఎకరం నేలతో ఒక చిన్న ఇల్లు తీసుకున్నారు. కోయంబత్తూరులో తరతరాలుగా మాకున్నవి పెరట్లో నాలుగు పాదులే. అర ఎకరం చూడగానే నాకు జమీందారీ వచ్చినంత సంబరమయింది. మా అత్తగారు కొంగున ముడివేసి తెచ్చిన గోంగూర గింజలు నా చేతిలో పోసి, "ముందు ఇవి వెయ్యవే అమ్మాయ్" అన్నారు. అవి వారి అత్తగారి నాటి విత్తనం. ఏటేటా వేసి, మళ్ళీ గింజ తీసి దాచుకుంటూ వచ్చినది.

ఆ మొదటి ఏడు నేను చేయని తప్పు లేదు. సెప్టెంబరులో నేలంతా ఒక్కసారే తవ్వించాను. వాలు అడుగున, వాగు పక్కన నల్లని మెత్తని మట్టి కనబడితే, ఇంతకంటె మంచి చోటేదని బీన్సు, బంగాళాదుంప, టమాటా, గోంగూర అన్నీ అక్కడే పెట్టాను. గోంగూర మొలిచింది గాని, మూడు నెలలకు జానెడైనా ఎదగలేదు.

డిసెంబరు చివర ఒక రాత్రి గాలి లేదు, మబ్బు లేదు. తెల్లవారి చూస్తే గడ్డి మీద ఉప్పు చల్లినట్లు తెల్లగా మంచు. ఎంత బాగుందో అని పిల్లలకు ఫొటో తీసి పంపాను కూడా! ఎండ ఎక్కేసరికి ఆకులన్నీ ఉడకబెట్టినట్లు నల్లబడి వాలిపోయాయి. అత్తగారు కిటికీలోంచి చూశారు. ఏమీ అనలేదు. ఆ పూట అన్నం కెలికి లేచిపోయారు.

పక్క చేని బడగ అవ్వ వచ్చి, తమిళంలో నెమ్మదిగా చెప్పింది: "చలి కూడా నీళ్ళవంటిదేనమ్మా, పల్లానికే చేరుతుంది." నిజమే. చల్లని గాలి బరువు. రాత్రివేళ వాలు మీదుగా జారి అడుగున నిలుస్తుంది. 1848లో మెక్‌ఐవర్ దొర మొదలుపెట్టిన బొటానికల్ గార్డెన్ ఎన్నిసార్లు చూశానో! అదీ వాలు మీదనే మెట్లుమెట్లుగా ఉన్నది. చూడటమే గాని, మన తోటకూ వాలున్నదని తోచలేదు.

ఇక్కడి నేల పుల్లనిది. పెద్ద వానలకు అందులోని సున్నం కొట్టుకుపోతుంది గనుక సున్నం చల్లాలని కూడా అవ్వే చెప్పింది. నేలకున్న పులుపు గోంగూరకు రాకపోయెనే అని మా ఇంటివారి వేళాకోళం. నాకు నవ్వు రాలేదు. నాలుగు తరాల విత్తనం నా చేతిలో పోయిందని రాత్రులు నిద్ర లేదు.

ఒకనాడు ఆ మాటే అని అత్తగారి దగ్గర ఏడ్చాను. ఆవిడ పెట్టె తెరిచి మరో చిన్న మూట తీశారు. "కొత్త నేలలో ఉన్న గింజలన్నీ పోస్తానటే? సగమే ఇచ్చాను" అన్నారు.

అందులో సగం కోయంబత్తూరులో మా ఆడబిడ్డకు పంపాము. రెండో ఏడు పల్లంలో చలికి ఓర్చే క్యాబేజీ, క్యారెట్టు. మెరకన బీన్సు, దుంప. అదీ సగం నేలలోనే. గోంగూర మాత్రం, మంచుకాలం దాటాక, వంటింటి గోడవార ఎండ తగిలే చోట రెండు పాత డబ్బాలలో వేశాను. వానలు ముదిరేలోగా రెండు గుప్పిళ్ళ ఆకు వచ్చింది. పప్పులో వేశాను.

అత్తగారు తిని, "పులుపు చాలలేదు" అన్నారు. మళ్ళీ వడ్డించమని కంచం ముందుకు జరిపారు.

ఇక్కడి చలికి గింజ ముదరదు. అందుచేత ఏటా సంక్రాంతి తరువాత కోయంబత్తూరు నుంచి ఆడబిడ్డ ఒక పొట్లం పంపుతుంది. నేను క్యారెట్లు పంపుతాను.