డెస్కు కింద పుస్తకం

1978లో నాన్నకు కెనడాలోని విన్నిపెగ్‌లో ఉద్యోగం వచ్చింది. కాకినాడ నుంచి బయల్దేరేటప్పటికి నాకు పదేళ్ళు, తమ్ముడికి ఐదు. అద్దె తక్కువని ఎర్రనదికి తూర్పున సెయింట్ బోనిఫాస్ పేటలో దిగాం. ఇంగ్లిషు వస్తే చాలనుకుని వచ్చినవాళ్ళం. మా వీధి పిల్లలు ఫ్రెంచిలో పోట్లాడుకుంటుంటే నోరు తెరుచుకుని చూశాం.

పక్కింటి పెద్దావిడను అందరూ మెమేర్ అనేవారు. అమ్మమ్మకీ నాయనమ్మకీ ఫ్రెంచివాళ్ళకు అదే పిలుపు. మేమూ అలాగే పిలిచాం. బయట మైనస్ ముప్పై చలి. ఆవిడ వంటింట్లో బఠాణీ పప్పు సూపు ఉడుకుతూ ఉండేది. అమ్మ మొదటిసారి చూసి "మన ముద్దపప్పే" అంది. అందులో పంది మాంసం ముక్క తేలేసరికి గరిటె వెనక్కి పెట్టేసింది. పొయ్యి పక్కన రేడియో పొద్దస్తమానం ఫ్రెంచిలోనే మోగేది. ఆ సీకేఎస్‌బీ స్టేషన్ 1946లో ఫ్రెంచివాళ్ళు చందాలు పోగేసి పెట్టుకున్నది.

ఫిబ్రవరిలో ఫ్రెంచివాళ్ళ వోయాజర్ పండగ. కాగుతున్న మేపుల్ పాకాన్ని మంచు మీద పోస్తే జీళ్ళపాకంలా సాగేది. పుల్లకు చుట్టుకుని చప్పరించేవాళ్ళం. ఒకసారి మెమేర్ మమ్మల్ని కెథీడ్రల్‌కు తీసుకెళ్ళింది. 1968లో కాలిపోయిన పాత గుడికి ముందు గోడ మాత్రం నిలబడి ఉంది. ఆ ఆవరణలోనే లూయీ రియెల్ సమాధి. 1870లో, విన్నిపెగ్ ఉన్న మానిటోబా ఇంగ్లిషు, ఫ్రెంచి రెండు భాషల రాష్ట్రంగా పుట్టడానికి ఆయనే కారకుడు. 1885లో ఆయన్ను ఉరితీశారు. మరో ఐదేళ్ళకు, 1890లో, ఒక చట్టంతో అక్కడ ఫ్రెంచికి అధికార హోదా పోయింది. 1916లో బడుల్లోంచీ తీసేశారు.

మెమేర్ బడికి వెళ్ళింది ఆ తర్వాతే. అయినా పాఠాలు చెప్పే సిస్టర్లు ఫ్రెంచి మానలేదు. ఎలాగో ఆవిడ మాకు చేసి చూపించేది. వంటల పుస్తకం ముందు పెట్టుకుని తల ఊపుతూ చదివేది. ఉన్నట్టుండి "ఇన్‌స్పెక్టర్!" అని గుసగుసలాడి, పుస్తకాన్ని బల్ల కిందికి తోసి, ఇంగ్లిషు పేపరు తెరిచి మా వంక అమాయకంగా చూసేది. మేం పడీపడీ నవ్వేవాళ్ళం.

"ఆయనకు తెలిసేది కాదా?" అని ఒకసారి అడిగాను.

"కొందరికి తెలుసు. లోపలికొచ్చే ముందు గుమ్మంలో గట్టిగా దగ్గేవాళ్ళు."

1979 డిసెంబరులో ఆ ఇంట్లో సంబరం. మా పేటకే చెందిన జార్జ్ ఫోరెకు 1976లో పార్కింగ్ టికెట్ ఇచ్చారు, ఒక్క ఇంగ్లిషులోనే. ఆయన కోర్టుకెక్కాడు. ఆ 1890 చట్టం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చేసింది. "ఐదు డాలర్లు కట్టేస్తే పోయేదానికి!" అని నాన్న ఆశ్చర్యపోయాడు. "కట్టేస్తే పోయేది డాలర్లు కాదు," అంది మెమేర్.

అప్పటికి తమ్ముడు తెలుగులో మాట్లాడడం మానేశాడు. అన్నం తిన్నావా అంటే ఇంగ్లిషులో జవాబు. ఓ రోజు మెమేర్ అమ్మను అడిగింది: "వీడు మీ భాషలో ఎందుకు బదులివ్వడు? మిమ్మల్నెవరు వద్దన్నారు?"

అమ్మ మాట్లాడలేదు. ఆ రాత్రి ట్రంకుపెట్టెలో చీరలన్నీ పైకి తీసి, అట్టడుగు నుంచి పెద్దబాలశిక్ష బయటికి లాగింది. దాన్ని అక్కడ దాచమని మాకు ఏ ఇన్‌స్పెక్టరూ చెప్పలేదు.