కూలెంట్ కొలత

మన ఇళ్ళలో ఎవరూ రాయని పంపకాలు కొన్ని ఉంటాయి. పోపుల పెట్టె, గ్యాస్ బుకింగ్, పిల్లల టీకాలు మనవి. టైర్లలో గాలి, బానెట్ కింద ఉన్నదంతా మగవాళ్ళది. మా ఇంట్లోనూ అంతే, అత్తయ్యకు డయాలసిస్ మొదలయ్యేదాకా.

వారానికి మూడుసార్లు లాలాగూడ నుంచి తార్నాక మీదుగా, యూనివర్సిటీ క్యాంపస్ రోడ్డు పట్టుకుని విద్యానగర్ వైపు వెళ్ళాలి. మావారిది షిఫ్టుల ఉద్యోగం. అలా స్టీరింగ్ నా చేతికొచ్చింది. నాలుగు గంటలు మెషీన్ మీద ఉండి నీరసించిన మనిషిని మే నెల మధ్యాహ్నం వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వస్తుంటే, ఆర్ట్స్ కాలేజీ అందం చూసే తీరిక ఉండదండీ. చూపంతా టెంపరేచర్ ముల్లు మీదే.

మా మామయ్యగారు 1893లో నిజాం రైల్వే పెట్టిన లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, కూలెంట్ డబ్బాలో తగ్గినంత బోరు నీళ్ళు పోసేవారు. కూలెంట్ కొందామంటే, "ఇంజన్‌కు నీళ్ళే గద బిడ్డా కావల్సింది. మన దగ్గర మంచు వడ్తదా, యాంటీఫ్రీజ్ ఎందుకు?" అనేవారు.

ప్రశ్న సరైనదే. హైదరాబాద్‌లో నీళ్ళు గడ్డకట్టవు. కానీ మరుగుతాయి కదా! మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి మూత లేని గిన్నెలో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అందులో సగానికి సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపితే అవి మరగడానికి ఇంకో ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువ వేడి కావాలి. పైన రేడియేటర్ మూత మన కుక్కర్ మూతలాగే ఒత్తిడి నిలిపి ఉంచుతుంది, దాంతో ఆ హద్దు 120 దాటుతుంది. అందుకే వేడిగా ఉన్న మూత తియ్యకూడదు. ప్రెషర్ దిగని కుక్కర్ మూత లాగితే ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు.

ఇక బోరు నీళ్ళ సంగతి. గీజర్ రాడ్‌కు పట్టే తెల్లటి పొలుసు మీరూ చూసే ఉంటారు. అదే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పడుతుంది. తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు కూలెంట్‌లో ఉంటాయి, నీళ్ళు పోసేకొద్దీ అవీ పలచబడతాయి.

నేను ఎంత చెప్పినా వినని మామయ్యగారు డయాలసిస్ సెంటర్‌లో మెత్తబడ్డారు. అక్కడి టెక్నీషియన్ కుర్రాడు, "మెషీన్‌కి నల్లా నీళ్ళు పనికిరావు సార్, శుద్ధి చేసినవే కావాలి" అని ఫిల్టర్ల గది చూపించాడు. ఆ ఆదివారం మామయ్యగారే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కొనుక్కొచ్చారు.

కలపడం ఆవకాయ కొలతంత సులువు. కాన్సన్ట్రేట్ అని రాసి ఉంటే సాధారణంగా ఒక లీటరుకు ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్. రెడీమిక్స్ అయితే ఏమీ కలపక్కర్లేదు. చిక్కగా ఉంటే మంచిదని ఉత్త కాన్సన్ట్రేట్ పోయకూడదు. వేడిని మోసుకెళ్ళడంలో నీళ్ళదే పైచేయి. పచ్చ, ఎరుపు, నీలం రంగులు చూసి కొనకండి, ఏ రంగు ఏ రకానిదన్న కట్టుబాటు కంపెనీల మధ్య లేదు. రకాలు కలిస్తే రక్షణ పోతుంది, ఒక్కోసారి జిగురుగా మడ్డి కడుతుంది. కారు పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి, అందులో చెప్పిన గడువుకే మార్చాలి.

పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉందో లేదో చూస్తాను. పదే పదే తగ్గుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం, పోస్తూ కూర్చోకుండా మెకానిక్‌కి చూపించాలి. దారిలో ముల్లు ఎర్ర గీత వైపు లేస్తే ఏసీ ఆపి, కారు పక్కకు తీసి, ఇంజన్ ఆపెయ్యాలి. చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. రంగు చూస్తే షర్బత్ అనుకుంటారు. కడుపులోకి వెళ్తే మొదట తాగినవాళ్ళలా తూలడం, వాంతులు. తర్వాత అది శరీరంలో ఆక్సలేట్‌గా మారి, ఆ స్ఫటికాలు కిడ్నీల్లో పేరుకుని ఒకటి రెండు రోజుల్లో వాటిని దెబ్బతీస్తుంది. దానికి చేసే వైద్యంలో డయాలసిస్ కూడా ఒకటి. ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కిడ్నీలు పోతే బతుకు ఎలా ఉంటుందో రోజూ చూస్తున్న ఇల్లు మాది. అత్తయ్య రోజంతా తాగాల్సిన నీళ్ళు ఒక్క సీసాలో కొలిచి పెడతాను.

పిల్లలు పొరపాటున మింగితే బాగానే ఉన్నారు కదా అని ఆగకండి, డబ్బా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మిగిలినది కూల్‌డ్రింక్ సీసాలో పోసి దాచకండి. నేల మీద కారితే కడిగెయ్యండి, వీధి కుక్కలు నాకుతాయి. పాతది మోరీలో పొయ్యకుండా సర్వీసు చేసేవాళ్ళకే ఇచ్చెయ్యండి.

మా డబ్బా ఇప్పుడు బాల్కనీ అలమరలో పై అరలో, తాళం వేసి ఉంటుంది. దానిమీద మామయ్యగారు పెద్ద అక్షరాలతో 'విషం' అని రాసి, కింద కలిపిన తేదీ వేశారు. ఆ అలమర తాళంచెవి మాత్రం నా పోపుల పెట్టె పక్కనే ఉంటుంది.