ర్యాంకుల వీధి నుంచి రాకెట్ మైదానం దాకా

హైదరాబాద్‌లో 'ర్యాంకు' అన్న మాట ఎక్కువగా వినిపించే చోటేదంటే అశోక్‌నగర్ అనే చెప్పాలి. ఏ గోడ చూసినా కోచింగ్ సెంటర్ బోర్డే. గ్రూప్సో సివిల్సో రాయాలని ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఇక్కడే గదులు తీసుకుంటారు. మెస్‌లో భోంచేసి, జిరాక్సు షాపులో నోట్సు తీయించుకుని, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి పరుగెడతారు. 'నీకిది ఎన్నో అటెంప్టు?' అన్నదే ఇక్కడ పలకరింపు.

ఇదే నగరంలో ఇంకో రకం ర్యాంకు కోసం ఇరవయ్యేళ్లు పోరాడిన అమ్మాయి ఉంది. ఆమె గెలిచిన మైదానం చూడాలంటే ఈ వీధుల నుంచి మహా అయితే ఓ గంట నడక.

అశోక్‌నగర్ దాటి చిక్కడపల్లి మెయిన్‌రోడ్డెక్కితే నెత్తిమీద మెట్రో లైను. 2020 ఫిబ్రవరిలో ఈ దారిలో రైళ్లు మొదలయ్యాక చిక్కడపల్లికీ నారాయణగూడకీ చెరో స్టేషనూ వచ్చింది. అయినా ఈ పేటల రుచి తెలియాలంటే నడవాల్సిందే. సంగీతం, నాటకం, సాహిత్య సభ... వీటికి నగరంలో పాత చిరునామా త్యాగరాయ గానసభ ఉన్నది చిక్కడపల్లిలోనే. నారాయణగూడ చౌరస్తాలో కుడివైపు తిరిగితే హిమాయత్‌నగర్ మీదుగా లిబర్టీ. అక్కడ ఎడమకు మళ్లితే బషీర్‌బాగ్, ఆ పక్కనే ఫతేమైదాన్. ఎల్బీ స్టేడియం అనగానే చాలామందికి క్రికెట్టూ రాజకీయ సభలూ గుర్తొస్తాయి. టెన్నిస్ అభిమానులకు మాత్రం గుర్తొచ్చేది సానియా మీర్జానే!

సొంతూళ్లో గెలుపు

సానియా పుట్టింది ముంబయిలో అయినా పెరిగింది హైదరాబాద్‌లోనే. ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టింది. 2003లో రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. మరుసటి ఏడాది హైదరాబాద్ ఓపెన్‌లో డబుల్స్ టైటిల్. 2005 ఫిబ్రవరిలో అదే టోర్నీ సింగిల్స్ ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన అలోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించింది. అలా డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారత మహిళ అయింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. 2007 ఆగస్టులో ప్రపంచ 27వ ర్యాంకు దాకా ఎగబాకింది.

దారి మార్చుకుని...

ఆ తర్వాతే అసలు పరీక్ష మొదలైంది. 2008లో మణికట్టు గాయం వేధించింది. మణికట్టుకీ రెండు మోకాళ్లకీ కలిపి మూడు ఆపరేషన్లు. చివరికి 2013లో సింగిల్స్‌కు స్వస్తి చెప్పి పూర్తిగా డబుల్స్‌కే కట్టుబడింది. ఆటలో సింగిల్స్ వదిలేయడమంటే సగం ఓడినట్టే లెక్కేస్తారు. సానియా లెక్క వేరు. 2015 మార్చిలో మార్టినా హింగిస్‌తో జట్టు కట్టింది. ఏప్రిల్ 13కల్లా డబుల్స్‌లో ప్రపంచ నంబర్‌వన్! ఆ ఏడాది వింబుల్డన్, యూఎస్ ఓపెన్ ఈ జంటవే. 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో చెక్ జోడీ హ్లవచ్కోవా, హ్రడెట్‌స్కాలను ఓడించి మూడో ట్రోఫీ అందుకున్నారు. వరుసగా 41 మ్యాచ్‌లు ఓటమన్నదే లేకుండా ఆడారు. ఈ మూడింటికి మిక్స్‌డ్ డబుల్స్‌లోని మూడూ కలిపితే గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఆరు.

హింగిస్‌తో విడిపోయాక కూడా ఆగలేదు. చెక్ క్రీడాకారిణి బార్బొరా స్ట్రిట్సోవాతో కలిసి 2016లో సిన్సినాటి టోర్నీ గెలిచింది. ఫైనల్లో ఓడింది హింగిస్ జంటే. 2018లో బాబు పుట్టాడు. 2020 జనవరిలో తిరిగొచ్చిన తొలి టోర్నీ హోబర్ట్‌లోనే డబుల్స్ టైటిల్ పట్టేసింది. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి మ్యాచ్ ఆడింది. అభిమానుల ముందు వీడ్కోలు ఆటకు మాత్రం ఎల్బీ స్టేడియానికే వచ్చింది. అది మార్చి 5.

27 దగ్గర ఆగిపోయిన అమ్మాయి దారి మార్చుకుని ఒకటికి చేరింది. అశోక్‌నగర్‌లో ఇంకో అటెంప్టు రాయాలా, వేరే దారి చూసుకోవాలా అని నిద్రపట్టక దొర్లే పిల్లలెందరో! దారి మార్చడం ఓటమి కాదని వాళ్లకి ఎవరైనా చెప్పాలి. ఈసారి మీ అబ్బాయినో అమ్మాయినో చూడ్డానికి వెళ్లినప్పుడు చదువెంతవరకొచ్చిందని అడగకండి. ఓ సాయంత్రం నారాయణగూడ మీదుగా ఫతేమైదాన్ దాకా నడిపించుకు వెళ్లండి. చెప్పాల్సింది దారిలో చెప్పొచ్చు.