తాత సైకిల్ వయసెంత?

అరకులో మా ఇంటి అటక మీద తాత సైకిల్ ఉంది. ‘తెల్లదొర దేశం వదిలిపోతూ అమ్మేసిన ఇంగ్లండు బండిరా’ అనేవాడు. మొన్న సెలవులకెళ్లి కిరోసిన్ గుడ్డతో తుడిచాను. హ్యాండిల్ కింద బిళ్ల మీద నల్లరంగు వదిలి ‘హెర్క్యులిస్’ అని తేలింది. ఇంగ్లండు పేరే! ఇంకాస్త రుద్దితే, ‘టీఐ సైకిల్స్, మద్రాస్’. ఆ కంపెనీ పుట్టింది 1949లో. దొరలు వెళ్లిపోయింది 1947లో. అంటే తాత చెప్పింది కట్టుకథే!

నాన్నమ్మనడిగితే నవ్వింది. “కొత్తవలస-కిరండూల్ రైలు లైను వేసినప్పుడు మట్టి మోసి కొన్నాడ్రా. కూలి డబ్బుల బండి అని చెప్పుకోడానికి నామోషీ. ఆ రంగు పూసిందీ ఆయనే.”

1960ల నాటి ఆ చెమట ముందు ఏ దొర బండి నిలుస్తుంది? బిళ్ల మీద మళ్లీ రంగు వెయ్యలేదు.