జీడిమెట్ల పందిట్లో నాటకాలు

1980ల మొదట్లో హైదరాబాద్ శివారు జీడిమెట్ల పండగ పందిరిలో సగం దేవుడిది, సగం నాటకానిది. బాలానగర్ దారిలో ఐడీపీఎల్, చింతల్ వైపు హెచ్ఎంటీ అప్పటికే పాతబడిన ఫ్యాక్టరీల పేర్లు. పారిశ్రామికవాడలో మందుల కంపెనీలు, ఫౌండ్రీలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం నుంచి, గుంటూరు నుంచి, మెదక్, నల్లగొండ నుంచి వచ్చిన వాళ్లు షాపూర్‌నగర్, సూరారం బస్తీల్లో పక్కపక్క గదుల్లో అద్దెకుండేవారు. మా నాన్నది విజయనగరం దగ్గర పల్లె. మా గోడకవతల ఉన్న అక్కది మెదక్ వైపు. ఆమె చిన్నప్పుడు చూసింది చిందు భాగవతం, మా అమ్మ చూసింది పద్యనాటకం. పందిట్లో మాత్రం ఇద్దరూ ఒకే దుప్పటి మీద కూర్చునేవాళ్లు.

వినాయక చవితికి, శ్రీరామనవమికి కాంట్రాక్టు నాటకం కుదిర్చేవారు. రెండు రోజుల ముందు నుంచే మైకు కట్టిన రిక్షా వీధులన్నీ తిరిగేది. పిల్లలం దాని వెనక పరుగెత్తి కరపత్రాలు ఏరుకునేవాళ్లం. హార్మోనియం ఎవరు, మొదటి కృష్ణుడెవరు, రెండో కృష్ణుడెవరు, చందా ఇచ్చిన పెద్దలెవరు అన్నీ అందులో ఉండేవి. ఈ నాటకానికి పిల్లలను తీసుకురావచ్చా అన్న మాట మాత్రం ఎక్కడా ఉండేది కాదు. సెకండు షిఫ్టు వాళ్లు వచ్చి, నాలుగు మెతుకులు తిని కూర్చుంటేగానీ తెర లేచేది కాదు. అంటే రాత్రి పదిన్నర దాటేది. నచ్చిన పద్యానికి వన్స్‌మోర్, మధ్యలో చదివింపులు, వాటిని మైకులో చదవడం. నాటకం తెల్లవారుజాము దాకా సాగేది.

కరపత్రంలో లేని మాట చెప్పడానికి మాకొక మనిషి ఉండేవాడు. మేస్త్రీ చిన్నాన్న అనేవాళ్లం. వయసులో ఉండగా ఊళ్లో వేషాలు కట్టినవాడు. ఏ ట్రూపు ఎలాంటిదో, ఏ వేషగాడి నోరు ఎంతదో ఆయనకు తెలుసు. ‘చింతామణి’ ఆడిన రాత్రి ఆడవాళ్లు కూర్చున్నవైపు వచ్చి, “అమ్మా, ఈ శెట్టి వేషం కట్టినోడికి నోటికి అదుపుండదు. ఆడు రాకముందే పిల్లల్ని ఇంటికి తీసుకుపొండి” అని చెప్పి వెళ్లేవాడు. పక్కింటి అక్క వెంటనే లేచేది. “ఇగ మోటుగుంటది చెల్లె, పోరగాండ్లను లేపు” అనేది. మేం ఏడుస్తూ, వెనక్కి తిరిగి చూస్తూ ఇంటికి నడిచేవాళ్లం. మైకు గొంతు ఇంటిదాకా వచ్చేదనుకోండి, మాటలు తెలిసేవి కావు, నవ్వులే తెలిసేవి.

‘చింతామణి’ రాసిన కాళ్లకూరి నారాయణరావు సంస్కరణ కోరిన రచయిత. కట్నం మీద ‘వరవిక్రయం’ రాశాడు, తాగుడు మీద ‘మధుసేవ’ రాశాడు, వేశ్యాలోలత్వం కొంపలను ఎలా కూలుస్తుందో చెప్పడానికి ‘చింతామణి’ రాశాడు. చింతామణి మోజులో పడిన బిల్వమంగళుడు ఉన్నదంతా పోగొట్టుకుంటాడు, చింతామణి ఆ వృత్తే వదిలి భక్తి దారి పడుతుంది. స్థానం నరసింహారావు వంటి మహానటుడు ఆడవేషం కట్టి ఆ పాత్రకు గౌరవం తెచ్చాడు. తర్వాత్తర్వాత ఊరూరా ఆడిన ట్రూపులు వ్యాపారి సుబ్బిశెట్టి, చింతామణి తల్లి శ్రీహరి మాట్లాడుకునే చోట తమ సొంత మాటలు కలుపుతూ పోయాయి. పుస్తకంలో ఉన్న కాసింత హాస్యం వేదిక మీద గంట సేపు సాగే బూతయింది. చివరికి నాటకం మొత్తం పక్కనపెట్టి ‘శెట్టి సీను’ ఒక్కటే ఆడించుకునే కాలం వచ్చింది.

పెద్దలు మమ్మల్ని కాపాడింది ఆ సరసపు మాటల నుంచే. నిజం చెప్పాలంటే ఆ మాటలు విన్నా మాకు సగం అర్థమయ్యేవి కావు. మా వయసుకు తగిలింది వేరే. మా వీధి చివర కిరాణా కొట్టు ఉండేది. జీతాల రోజు దాకా బస్తీ మొత్తానికి ఖాతా ఇచ్చిన కొట్టు అది. ఆ ఇంటి అబ్బాయి మా క్లాసే. నాటకం మర్నాడు బడిలో వాడి పేరు సుబ్బిశెట్టి అయింది. ఆ నడక, ఆ గొంతు పెద్ద పిల్లలు వాడి ముందే అనుకరించారు. ఆ ఏడు వాడు నిమజ్జనానికి రాలేదు, మరుసటి ఏడు పందిరి దగ్గరికే రాలేదు. వాళ్ల నాన్న చందా మాత్రం ఎప్పటిలాగే ఇచ్చాడు.

ఇక ‘హరిశ్చంద్ర’ సంగతి. అది మంచి నాటకం, సత్యం నేర్పే నాటకం అని పిల్లలను నిద్ర లేపి మరీ కూర్చోబెట్టేవారు. కాశీ బజారులో లోహితాస్యుడి తల్లిని అమ్మడం, ఆ పిల్లవాణ్ని పాము కరవడం, ఆ పసివాడి శవాన్ని ఒళ్లో పెట్టుకుని చంద్రమతి ఏడవడం, కాటికాపరిగా ఉన్న సొంత తండ్రే సుంకం అడగడం మేం కళ్లార్పకుండా చూశాం. ఆ కాటిసీనులో జాషువా పద్యాలు పాడుతుంటే మగవాళ్లు తువ్వాళ్లతో కళ్లు తుడుచుకునేవారు. ఆ తర్వాత మా తమ్ముడు ఫాక్స్‌సాగర్ గట్టు మీద గడ్డిలో కాలు పెట్టడానికి చాలాకాలం భయపడ్డాడు. అమ్మ బజారుకెళ్లి ఆలస్యమైతే, అమ్మను ఎవరైనా కొనేశారా అని అడిగేవాడు. ఇంత చిన్న పిల్లలు ఇది చూడాలా అని ఆ రాత్రి ఎవరికీ తోచలేదు. మేస్త్రీ చిన్నాన్నకు కూడా తోచలేదు.

సినిమాకైతే ఆ రోజుల్లోనూ పోస్టరు మీద ‘ఎ’ అక్షరం ఉండేది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ఉన్న ఏర్పాటు అది. 1983లో ‘యూఏ’ కలిసింది, 2023 సవరణతో అది 7, 13, 16 ఏళ్ల వారీగా విడిపోయింది. నాటకానికి ఉన్న చట్టం 1876 నాటిది. తమకు గిట్టని నాటకాలను ఆపడానికి బ్రిటిష్ వాళ్లు తెచ్చారు. అది 2018లో రద్దయింది. ఉన్నన్నాళ్లూ ఆపే అధికారం ఇచ్చిందే తప్ప, తల్లిదండ్రులకు ఒక్క ముక్క చెప్పే పద్ధతి పెట్టలేదు. ఆపే అధికారం ఎటు తిరుగుతుందో తెలుగువాళ్లకు తెలుసు. తెలంగాణ రైతు గోడు చెప్పిన ‘మాభూమి’ నాటకాన్ని నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ని నిషేధించింది. తమను కించపరుస్తోందన్న ఆర్యవైశ్యుల ఫిర్యాదు దానికి కారణం. ఆ బాధ నిజమైనదేనని మా క్లాసు అబ్బాయిని చూసిన నేను ఎక్కడైనా చెబుతాను. అయినా ఆ నిషేధం సరికాదంటాను. ట్రూపులు కలిపిన మాటలకు కాళ్లకూరి నాటకానికి శిక్ష పడింది. పోనీ సినిమాకు లాగే సర్టిఫికెట్ ఇద్దామా అంటే, సినిమా రీలు ఏ ఊళ్లో వేసినా అదే. నాటకం రాత్రికో తీరుగా ఉంటుంది. ఆఫీసులో చదివిన రాతప్రతి ఒకటి, పందిట్లో ఈలలు పడ్డాక నటుడి నోట వచ్చే మాట ఇంకొకటి. ఏం జరగబోతోందో ముందుగా తెలిసేది ఇద్దరికే, ఆడేవాళ్లకు, ఆడించేవాళ్లకు. బ్రిటన్‌లో నాటకాల సెన్సారు 1968లోనే పోయింది. ఈ నాటకం ఏ వయసు వారికి తగినదో అక్కడి థియేటర్లే టికెట్టు అమ్మేటప్పుడు చెబుతుంటాయి.

మన దగ్గర ఆ మాట చెప్పిన మేస్త్రీ చిన్నాన్నలు ఇప్పుడు లేరు. బస్తీలు అపార్టుమెంట్లయ్యాయి, ట్రూపును ఎరిగిన పెద్దమనిషి పక్కన కూర్చోడు. రవీంద్రభారతిలో ఆడే పద్యనాటకాలకు నాకు అందిన ఆహ్వాన పత్రికల్లో ముఖ్య అతిథుల పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి, వయసు మాట ఉండదు. మనవళ్లకు తెలుగు పద్యం వినిపిద్దామని తీసుకొచ్చిన తాతలు మధ్యలో లేచి, వరస దాటుకుంటూ బయటికి వెళ్లడం చూశాను. ఒకసారి అలా వెళ్లినవాళ్లు మళ్లీ నాటకానికి రావడం కష్టం.

నాటక సమాజాల వాళ్లను, పందిళ్లు వేసే కమిటీల వాళ్లను నేను అడిగేది ఇంతే. కరపత్రం అడుగున రెండు వాక్యాలు వేయండి. ఎన్నేళ్లు దాటిన పిల్లలు చూడవచ్చో, ఏ సీను సుమారు ఎన్ని గంటలకు వస్తుందో రాయండి. మోటు సరసం ఉంటే ఉందని రాయండి, పసిబిడ్డ చావు ఉంటే అదీ రాయండి. ఒక కులాన్నో, కుంటితనాన్నో, గుడ్డితనాన్నో పట్టుకుని నవ్వించే ఘట్టం ఉంటే దాన్నీ దాచకండి. ట్రూపుకు బయానా ఇచ్చేటప్పుడే, పిల్లలు ముందు వరసలో కూర్చుంటారు, పుస్తకంలో లేని మాట రాకూడదు అని గట్టిగా చెప్పండి. తల్లిదండ్రులు కూడా మొహమాటపడకుండా ముందురోజే కమిటీ వాళ్లకు ఫోన్ చేసి అడగాలి. చందా పుస్తకం మీద వాళ్ల నంబరు ఎటూ ఉంటుంది.