నాటు మాట

2021 నవంబరులో "నాటు నాటు" పాట చలనచిత్రముకంటె ముందుగా వెలువడినప్పుడు, జనగామలోని మా యింట పిల్లలు దానినే పాడుచు గంతులిడసాగిరి. బాల్యమున తండ్రిగారియొద్ద వసుచరిత్రము చదువుకొన్న మాకు అది రుచింపలేదు. "జొన్నరొట్టెయు, మిరపతొక్కును కవిత్వమేనా?" యని మందలించితిమి.

వంటయింట రొట్టె కాల్చుచున్న అత్తగారు ఆ మాట విని, యేమియు పలుకక తల వంచుకొనిరి. వారి పుట్టినిల్లు భూపాలపల్లి ప్రాంతపు పల్లె. అతిథులు వచ్చినప్పుడు వారి పల్లెపలుకు వినబడకుండ మేమే తొందరపడి బదులు చెప్పుచుండుట మాకప్పుడు స్ఫురించినది. అయినను మానుకొనలేదు.

ఆ పాట వ్రాసిన శ్రీ చంద్రబోసుగారిదియు భూపాలపల్లి జిల్లాలోని చల్లగరిగ గ్రామమే. పాటలో చాల భాగము ఒక్క పూటలో కుదిరినను, ముగించుటకు 19 నెలలు పట్టెనని ఆయన చెప్పిరి. నాటుమాటకును ఇంత తపస్సు కావలయునని మేమెరుగము. కీరవాణిగారు స్వరపరచిన ఆ పాటకు 2023 జనవరిలో గోల్డెన్ గ్లోబు, మార్చిలో ఆస్కారు లభించినవి. తెలుగు పాటకు ఆస్కారు వచ్చుట అదియే ప్రథమము.

ఆనాడు మేము సంతోషముతో అత్తగారికి మిఠాయి అందీయగా, వారు నవ్వి, "ఇగ నా మాట మంచిగయిందా, బిడ్డా?" అనిరి. మాకు బదులు తోచలేదు. పరదేశీయులు మెచ్చినదాక ఇంటి మాటను మెచ్చలేకపోయిన చదువు చదువగునా?

ఇప్పుడు మా గడప తొక్కినవారిని అత్తగారే ముందుగా పలుకరించుచున్నారు.